పెన్న మలుపు దాటి

ఉరవకొండ బస్టాండులో ఇంకా తెల్లారలేదు. పాము పడగెత్తినట్టుండే మా కొండ చీకట్లోనే ఉంది. చిన్నాయన టీ కొట్టు పొగ వైపు ఆశగా చూస్తున్నాడు. రాత్రి నుంచి ఏమీ తినలేదు. అనంతపురంలో నోట్లోంచి గొట్టం వేసి కడుపు చూస్తారు.

రెండేళ్లుగా ఆయనకు 'గ్యాసు'. మంటైనా, పుల్లటి తేన్పులైనా, చివరికి గుండెనొప్పైనా మావాళ్లకు అదే పేరు. మందుల షాపువాడు ఒక మాత్రల అట్ట చేతిలో పెడతాడు.

పెన్నహోబిలం దగ్గర పడేసరికి మెల్లగా ఒప్పుకున్నాడు: "నిన్న రాత్రి దాకా ఆ మాత్ర ఏసుకుంటానే ఉండాను రా." రెండు వారాల ముందే ఆపమన్నారు!

నందికొండల్లో పుట్టి ఉత్తరంగా పారే పెన్న ఈ చుట్టుపక్కలే తూర్పుకు మళ్లుతుంది. ఏట్లో చాలాకాలం ఇసుకే. పెన్నహోబిలం రిజర్వాయరు నిండితే పెన్న వచ్చిందని కొత్తవాళ్లు మురిసిపోతారు. ఆ నీళ్లు తుంగభద్రవి, ఎగువ కాలువలో వచ్చినవి. చూపుకు తెలిసే సంగతి కాదది.

కూడేరులో ఇద్దరు ఎక్కారు. తర్వాత అనంతపురమే.

గొంతులో మందు చిమ్మి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. చిటికెన వేలంత లావు గొట్టం. దాని మీద సెంటీమీటర్ల గుర్తులు, రోడ్డు పక్క మైలురాళ్ల మాదిరి. లెక్క ముందుపళ్ల నుంచి మొదలు. 40 దగ్గర అన్నవాహిక ముగిసి జీర్ణాశయం వస్తుంది. ఇంకా లోపలికి పోతే చిన్నపేగు.

జీర్ణాశయం కింది భాగం కాస్త ఎర్రగా ఉంది, అంతే. పుండు లేదు, గడ్డ లేదు. అయినా ఐదు చోట్ల గిల్లారు: కింద రెండు, మలుపు దగ్గర ఒకటి, పైన రెండు. ఒక్కో ముక్క బియ్యపు గింజలో సగం.

"ముక్క తీసినారంటే క్యాన్సరేనా సార్?"

కాదన్నాడు డాక్టరు. ఎర్రదనం కంటికి కనబడుతుంది, దాని కారణం కనబడదు. పైగా మాత్రలు యాసిడ్‌ను తగ్గిస్తే హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి కింది భాగంలో పలచబడి, పై భాగంలో నిలుస్తుంది. అందుకే బాగున్నట్టు కనిపించే చోటా గిల్లాలి. కింది నుంచి తీసిన ఇంకో ముక్కను పసుపుపచ్చటి కిట్‌లో వేశారు. సూక్ష్మజీవి ఉంటే అది గులాబీ రంగుకు తిరగాలి. తిరగలేదు. అక్కడితో ఆగితే మేం 'ఏమీ లేదు' అనుకుని ఊరికి పోయేవాళ్లం.

కింది ముక్కలు ఒకదాంట్లో, పై ముక్కలు ఇంకోదాంట్లో వేసి రెండు ఫార్మలిన్ సీసాలు నా చేతికిచ్చి ల్యాబుకు పంపారు. జేబు తడుముకుంటూనే ఆటో ఎక్కాను. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు ఇట్లాంటి ముక్కల్లోనే వంకర సూక్ష్మజీవులను చూశాడు. అంత యాసిడ్‌లో ఏ జీవి బతుకుతుందని చాలామంది నమ్మలేదు. 2005లో ఆయనకూ బ్యారీ మార్షల్‌కూ నోబెల్ వచ్చింది.

వారానికి రిపోర్టు తెచ్చుకోను మళ్లీ ఇద్దరమూ పోయాం. కింది సీసాలో వాపు తప్ప ఏమీ లేదు. సూక్ష్మజీవి పై సీసాలో దొరికింది. 14 రోజులకు మందులు రాశారు.

తిరుగు బస్సులో చిన్నాయన మందులన్నీ ఒళ్లో పరుచుకుని ఒక్కో అట్టా తిప్పి చూశాడు. పెన్న దాటినాక ఒకటి పైకెత్తాడు.

"ఇది ఆ గ్యాసు మాత్రే గదరా!"

"అదే. ఈసారి తోడుగా ఇంకొన్ని రాసినారు."