చెవి మూయకుండా

హెడ్‌ఫోన్స్ రివ్యూలు చదివితే సైకిల్ మీద సమస్యంతా అవి ఊడిపోవడమే అనిపిస్తుంది. నాకైతే ఊడనివంటేనే భయం.

రబ్బరు మొన ఉన్న ఇయర్‌బడ్స్ గట్టిగా నిలబడేది చెవి రంధ్రాన్ని మూసెయ్యడం వల్లే. చిలకలూరిపేట రోడ్డులో వెనకొచ్చే మిర్చి టిక్కీల లారీ హారన్ కూడా బయటే ఆగిపోతుంది. మూయని రకం వదులు. మార్చిలో గుంటూరు మిర్చి యార్డు పక్కన ఒక్క తుమ్ము చాలు, కాలవలో వెతుక్కోవాలి. కొక్కెం ఉన్నవి నయమే గానీ, హెల్మెట్ పట్టీ, కళ్ళజోడు కాడ, కొక్కెం మూడూ చెవి వెనకే పోట్లాడుకుంటాయి.

చివరికి బోన్ కండక్షన్ రకం కొన్నాను. చెవి ముందు ఎముకకి ఆనుకుని, కంపనాల్ని పుర్రె ద్వారా లోపలి చెవికి పంపుతుంది. రంధ్రం తెరిచే ఉంటుంది. తల వెనక బద్ద ఉంది కాబట్టి కదలదు (అది హెల్మెట్‌కి తగలకుండా చూసి కొనండి). బేస్ మాత్రం నీళ్ళ మజ్జిగ. ఇళయరాజా కోసమైతే వద్దు, కథలకి చాలు. హైవే ఎక్కితే కథలూ వినపడవు. సౌండ్ పెంచితే లారీ మళ్ళీ వినపడదు, అందుకని ఆపేస్తాను.

మా తాతయ్య పత్తి చేలోకి వెళ్తూ సైకిల్ హ్యాండిల్‌కి ట్రాన్సిస్టర్ తగిలించుకునేవాడు. విజయవాడ రేడియో ఆయనకీ, దారిన పోయేవాళ్ళకీ కలిపి వినపడేది. "ఏం బాబాయ్, వార్తలేంటి?" అని ఆపేవాళ్ళు. నన్నెవరూ ఆపరు, తలకున్న బద్ద చూసి తప్పుకుంటారు. మొన్న టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మాత్రం జాలిగా అడిగాడు, "చెవుడా నాయనా?"

"లేదండీ, కథ వింటున్నా."

"మరి మాకు వినపడదే?"