నాన్న ఫియట్ అడుగున

విశాఖలో నాన్న 1984 పద్మినిని లిఫ్టెక్కించి కింద నిలబడ్డాం. ఆయన మోకాళ్ళు మొరాయించిన ఏడాది నేనే డబ్బు పంపి కొట్టించిన తారు కోటింగు నల్లగా, నిక్షేపంగా ఉంది. మెకానిక్ స్క్రూడ్రైవరుతో పొడిచాడు. పెచ్చు ఊడి తడి తుప్పు రాలింది. తారు ఎండి పగిలితే లోపలికెళ్ళిన ఉప్పునీరు ఇక ఆరదు. దీనికి విడిగా ఛాసిస్ కూడా లేదు, ఆ రేకే ఎముక.

“మళ్ళీ అదే కొట్టించండి సార్, పదేళ్ళు చూడక్కర్లేదు.”

చూడక్కర్లేదనే కదా అప్పుడూ కొట్టించింది! (ఆఫీసులో పాత కోడ్‌కీ ఇదే చేస్తాను.)

కుళ్ళినచోట రేకు వెల్డింగ్ చేయించి, ప్రైమర్ మీద మైనం పూయించాను. అది గట్టిపడదు, పగలదు. కానీ ఏటా వానలకి ముందు మళ్ళీ పూయాలి. ఒకప్పుడు నాన్న ప్రతి మే నెలలో కారు కిందకి దూరి వాడేసిన ఇంజనాయిలు పూసేవాడు. పిసినారితనం అనుకునేవాణ్ణి.

నాన్న ఏమీ అనలేదు. మేకి టికెట్ బుక్ చేశాను.