అంగడి షట్టరు

పూర్వము తెలుగు ఊళ్లలో అంగళ్లకు చెక్కపలకల తలుపు లుండెడివి. ఒక్కొక్క పలకకు వరుస సంఖ్య వేసి, గడపలోని గాడిలో నిలిపి, చివర నొక ఇనుపబద్దను అడ్డముగా బిగించి తాళము వేసెడివారు. పలక పగిలినచో వడ్రంగి మరియొకటి చెక్కి యిచ్చును, అంతటితో సరి. పాత బజారులలో అట్టి తలుపులు ఇప్పటికిని కొన్ని కనబడును. తక్కిన చోట్ల ఇనుప షట్టరు వచ్చినది. ప్రాతఃకాలమున బజారు మేలుకొనునది దాని గరగర ధ్వనితోనే.

చూచువారికి షట్టరనగా రేకుపట్టీల వరుస మాత్రమే. ఒకదాని అంచు వేరొకదాని అంచులో చిక్కుకొని, ఇరుప్రక్కల నున్న ఇనుప గాడులలో జారుచు, అవి పైనున్న గొట్టముపై చుట్టుకొనును. ఇంత బరువైన తలుపును బక్కపలుచని మనిషి ఒంటరిగా నెత్తుట యెట్లు? ఆ గొట్టమున అమర్చిన చుట్టుస్ప్రింగులే అందులకు కారణము. తలుపు దిగునపుడు దాని బరువు స్ప్రింగులను బిగించును. లేచునపుడు ఆ బిగువే చేయూత నిచ్చును. కావున మనిషి చేతిపై పడునది కొద్ది బరువే. తలుపు మూసియున్నంతసేపును లోపల స్ప్రింగు మిక్కిలి బిగిసియుండు నని పలువు రెరుగరు.

షట్టరునకు వచ్చు జబ్బులలో పెక్కులు చిన్నవి. గాడిలో మట్టి చేరిన తలుపు కీచుమని అరచును, నడుమ పట్టుకొనును. పొడిగుడ్డతో తుడిచి కొద్దిగా నూనె వేసిన చాలును. కొందరు వాడిన ఇంజను ఆయిలును ధారాళముగా పోయుదురు. అది దుమ్మును పిలిచి కూర్చుండబెట్టును. కొలది దినములకే గాడి మరల బురదయగును. గడపవద్ద ఇసుక పేరుకొనినచో తాళపుకడ్డీ రంధ్రములో దిగదు. అందులకు చీపురే మందు. కాకినాడ, విశాఖపట్టణము వంటి తీరపట్టణములలో ఉప్పుగాలికి అడుగుపట్టీ త్రుప్పు పట్టును. గీకి రంగు వేయవలెను. ఈపాటి పనులకు మేస్త్రిని పిలుచుట వృథా వ్యయము.

నిన్నటివరకు తేలికగా లేచిన తలుపు నేడు హఠాత్తుగా బరువెక్కుట, నడుమ నిలిపిన నిలువక ధబాలున జారుట, పైపెట్టెలో ఢామ్మని చప్పుడగుట మాత్రము వేరు సంగతి. అవి స్ప్రింగు విరిగినదనియో, సడలినదనియో తెలుపు గురుతులు. పట్టీ గాడి తప్పి తలుపు వంకరగా నిలిచినను ఉపేక్షింపరాదు. కాని వర్తకునికి తొందర యెక్కువ. సంక్రాంతి ముందు ఒకపూట మూసియున్నను బేరము పోవును గదా! "నాలుగు మరలు విప్పుటకు మేస్త్రి యెందుకు?" అని నిచ్చెన తెప్పించును.

మేస్త్రి వచ్చి చూచిన గుండె గుభేలుమనును. "దిగండి శెట్టిగారూ! ఒక స్ప్రింగు విరిగినను ప్రక్కది బిగిసియే యున్నది. ఆ మర విప్పితిరా, గొట్టము గిర్రున తిరిగి చేయి విరుచును" అని వారించును. అతడు మొదట తలుపును తాకడు. క్రింద నున్నవారి నందరిని దూరముగా పంపి, తలుపు జారకుండ ఊత నిలిపి, గొట్టము తిరుగకుండ పట్టు వేసి, పిమ్మట బిగువును కొంచెము కొంచెముగా సడలించును. క్రొత్త స్ప్రింగును ఎన్ని చుట్లు బిగింపవలెనో అతని చేతికి తెలియును.

స్ప్రింగునకు మోటారు తోడైనచోట అపాయము మరియొక రూపము దాల్చును. అమెరికాలో కారు నిలుపు గదికి పైకిలేచు తలుపును 1921లో సి.జి. జాన్సన్ రూపొందించెను, 1926లో దానిని విద్యుత్తుతో నడుపు యంత్రమును చేసెను. మీట నొక్కగనే దిగు తలుపుల క్రింద చిక్కి కొందరు పసిపిల్లలు ప్రాణములు కోల్పోయిరి. అందుచే 1993 జనవరి 1 నుండి తయారగు ఇండ్ల తలుపుయంత్రములకు, అడ్డము వచ్చినచో తలుపు వెనుకకు మరలు ఏర్పాటుండవలె నని ఆ దేశపు చట్టము విధించెను. గడపకు ఇరువైపుల నుండు చిన్న కాంతికన్నులు అట్టివే. వానిపై సాలెగూడు పట్టినను తలుపు దిగకపోవచ్చును. తుడుచుట ఇంటివారి పని. స్ప్రింగు మాత్రము అచ్చటను మేస్త్రి పనియే.

చేతితో దింపు షట్టరునకు అట్టి కన్నులు లేవు. సాయంకాలము అంగడి మూయువేళ, దిగుచున్న తలుపు క్రిందుగా వంగి దూరి పరుగెత్తు బాలురు ప్రతి బజారులోను ఉందురు. పైపెట్టెలోని స్ప్రింగు ఎన్నేండ్లనాటిదో వారికి తెలియదు. ఒక్కొక్కచోట యజమానికిని తెలియదు.