నాందేడులో కాముని పున్నమి

నాందేడ్ అనగానే మనవాళ్ళలో చాలామందికి గురుద్వారా గుర్తొస్తుంది. మాహూరు రేణుకమ్మ దర్శనానికి వెళ్ళివచ్చినవాళ్ళకి దారిలో బస్సు మారిన ఊరుగా గుర్తుంటుంది. ఫాల్గుణ పున్నమికి ఆ ఊరు వెళ్ళి చూడమని ఎవరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. 2025లో మా వదినగారి ఇంట్లో శుభకార్యం ఒకటి ఆ రోజులకే పడటంతో, కార్యం ముగిశాక రెండు రోజులు ఆగిపోయాను. ఆ రెండు రోజుల ముచ్చట్లే ఇవి.

సికింద్రాబాదు నుంచి రైల్లో అయిదారు గంటల ప్రయాణం. నిజామాబాదు దాటాక గోదావరి వంతెన, ఆ వెంటనే బాసర, ఆ తర్వాత ధర్మాబాదు. అక్కణ్ణుంచి మహారాష్ట్ర. బోర్డుల మీద లిపి మారుతుందిగానీ ప్లాట్‌ఫారం మీద మాటలు అంత తొందరగా మారవు. ధర్మాబాదు మిరపకాయల బేరాలు సగం తెలుగులోనే వినిపిస్తాయి. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా ఇదంతా హైదరాబాదు రాష్ట్రమే కదా. బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాందేడు పట్నంలో పద్మశాలీలు ఎక్కువ. నిజాము కాలంలో పెట్టిన ఉస్మాన్‌షాహీ మిల్లు చాలా ఇళ్ళకి అన్నం పెట్టింది. మిల్లు మూతపడింది, జనం మాత్రం ఉండిపోయారు. మా వదినగారి మామగారిది అలాంటి కుటుంబమే.

పున్నమికి నాలుగు రోజుల ముందు బజారుకి వెళ్తే ముందు కంటపడేది రంగులు కాదు, చక్కెర దండలు. తెల్లనివి, గులాబీ రంగువి, దారానికి గుచ్చిన బిళ్ళలు. మరాఠీవాళ్ళు గాఠీ అంటారు. మనవాళ్ళు పేర్లు అంటారు. నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల్లో పెరిగినవాళ్ళకి చక్కెర పేర్ల సంగతి నేను చెప్పనక్కర్లేదు. కోస్తావాళ్ళకి మాత్రం చెప్పాలి. కాముని పున్నమికి పిల్లల మెడలో ఈ దండ వేస్తారు. ముఖ్యంగా ఆ ఏడాది పుట్టిన పసివాడికి అమ్మమ్మగారింటినుంచి రావాలి. రాకపోతే ఏమవుతుందని మా వదినగారి అత్తగారిని అడిగాను. "ఏం కాదు, పిల్లగాని మెడ బోసిపోతది, నాలుగిండ్లల్ల మాట పడ్తది" అన్నారావిడ నవ్వుతూ. మరాఠీ ఇళ్ళలో ఇదే దండ పదిహేను రోజులు పోయాక ఉగాదినాడు, అంటే వాళ్ళ గుడీ పాడ్వానాడు, గుమ్మం ముందు నిలబెట్టిన గుడి కర్రకి ఎక్కుతుంది. చీమలకి మాత్రం రెండు పండగలూ ఒకటే.

పున్నమినాడు సాయంత్రం వీధి మలుపులో గుంట తవ్వి మధ్యలో ఆముదపు కొమ్మ నాటారు. చుట్టూ పిడకలు, కట్టెలు. ఇంటింటినుంచీ ఆడవాళ్ళు పూరణ్ పోళీ తెచ్చి నైవేద్యం పెట్టారు. మన బొబ్బట్లే, కాస్త పెద్దవి, పలచనివి. భద్ర పోయాకే అంటించాలని కొందరు, పొద్దుగుంకగానే అంటించాలని కొందరు కాసేపు వాదించుకున్నారు. చివరికి పిల్లల ఓపికే ముందు అయిపోయింది. మంట లేవగానే కుర్రాళ్ళు నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి కొట్టుకుంటూ పెద్దగా బొబ్బలు. దీన్ని మరాఠీలో బోంబ అంటారు. ఏడాదికి ఒక్కరోజు పెద్దలముందు ఎంత గట్టిగానైనా అరవచ్చు. తల్లులు పసిపిల్లల్ని ఎత్తుకుని మంట చుట్టూ తిరిగారు. మర్నాడు పొద్దున ఆ నిప్పుల మీదే నీళ్ళు కాచి పిల్లలకి పోస్తారు. ఎండాకాలంలో సెగగడ్డలు, జ్వరాలు రాకుండా పెరుగుతారని నమ్మకం.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది, గుడి లేకపోవడం. కొలిచేది నిప్పునీ, పైనున్న చంద్రుణ్ణీ. అడిగేదీ పెద్ద కోరికేమీ కాదు. పిల్లలు ఎదగాలి, చేను పండాలి. కథలు మాత్రం ఎవరివి వారివి. శివుడు మూడోకన్ను తెరిచి కాముణ్ణి కాల్చాడని మనం కాముని దహనం అంటాం. ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో పెట్టుకు కూర్చున్న హోళిక కాలిపోయిందని ఉత్తరాదివాళ్ళు. మరాఠీ పల్లెల్లో పండగ పేరు శిమ్గా. ఇన్ని కథలు ఒకే మంటకి ఉన్నాయంటే, మంట కథలకంటే పాతదేమో అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, పండితులు కోప్పడకూడదు.

ఒక్కమాట పంచాంగం గురించి. మన లెక్కలో నెల అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి ఫాల్గుణ పున్నమి తర్వాత పాత ఏడాది ఇంకా పదిహేను రోజులు మిగిలి ఉంటుంది. ఉత్తరాది లెక్కలో నెల పున్నమితోనే ముగుస్తుంది. మర్నాటినుంచి వాళ్ళకి చైత్రం. అందుకే వాళ్ళకి ఈ మంటలో పాతనెల కాలుతుంది, మనకి ఉగాదికి ముందస్తు కబురు వస్తుంది. నాందేడులో ఈ రెండు లెక్కలవాళ్ళూ ఒకే వీధిలో ఉంటారు.

ఇంకో సంగతి. పున్నమి చంద్రుడు పొద్దుగుంకే వేళకి తూర్పున లేస్తాడు, తెల్లవారే వేళకి పడమట వాలతాడు. నాందేడు పట్నంలో మంట చంద్రోదయానికి. బంజారా తండాల్లో మంట చంద్రుడు వాలేటప్పుడు. ఈ రెండోది చూడాలనే రాత్రి జీపులో కిన్వట్ వైపు బయల్దేరాం. కిన్వట్‌కి రైలు కూడా ఉంది. ముద్‌ఖేడ్ దగ్గర చీలి భోకర్, హిమాయత్‌నగర్ మీదుగా ఆదిలాబాదు వెళ్ళే మార్గం అది. తిరుపతి నుంచి ఆదిలాబాదు వెళ్ళే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళు ఈ మహారాష్ట్ర ముక్క దాటే ఉంటారు, నిద్రలోనో మెలకువలోనో. దారిపొడుగునా వెన్నెల్లో మోదుగ చెట్లు, ఆకు లేకుండా పువ్వే. ఆ పువ్వు నీళ్ళలో మరగబెడితే వచ్చే కాషాయపు రంగే అసలు హోళీ రంగు. పట్నంలో పొట్లాల రంగులు కళ్ళలో పడి ఏడ్చే పిల్లల్ని చూసినప్పుడల్లా ఎవరైనా ఓ బుట్టెడు మోదుగపూలు అమ్మితే బాగుండుననిపిస్తుంది.

తండా చేరేసరికి మూడున్నర దాటింది. మనం లంబాడీలంటాం, వాళ్ళు తమని గోర్ అని చెప్పుకుంటారు. హోళీ వాళ్ళకి ఏడాదిలోకెల్లా పెద్ద పండగ. వారాల ముందునుంచే రాత్రిపూట లేంగీ పాటలు మొదలవుతాయి. మగవాళ్ళు ఒక గుంపు, ఆడవాళ్ళు ఒక గుంపు, ఒకరినొకరు దెప్పుకుంటూ పాడుకుంటారు. పండగ పనులు మీద వేసుకున్న కుర్రాళ్ళని గేరియాలు అంటారు, అమ్మాయిల్ని గేరిణీలు. తూర్పు ఇంకా తెలవారకముందే, పడమట చంద్రుడు చెట్లమీదికి దిగుతుండగా మంట వెలిగించారు. చప్పుడు కంటే చలే ఎక్కువగా ఉంది, అందరూ మంటకి దగ్గరగా జరిగారు.

అసలు వేడుక పొద్దెక్కాక. దాని పేరు ఢూండ్. పోయిన హోళీ తర్వాత తండాలో మగపిల్లవాడు పుట్టిన ఇంటివాళ్ళు చెయ్యాలి. బిడ్డని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, పైన గుడ్డ పందిరిలా పట్టుకున్నారు. చుట్టూ నిలబడ్డ మగవాళ్ళు చేతికర్రలతో పైన పట్టిన కర్రని తడుతూ దీవెనలు అందుకున్నారు. ఒక పెద్దాయన ఒక్కో మాట పలికితే మిగతావాళ్ళు గొంతు కలపడం. బిడ్డ ఎదగాలి, ఇల్లు నిలవాలి, తండాకి పెద్ద కావాలి అని వాటి భావమట. పక్కనున్నాయన తెలుగులో చెప్పారు. కర్రల చప్పుడుకి పిల్లవాడు జడుసుకుని ఏడుస్తాడనుకున్నాను. వాడు మెడలో చక్కెర దండ చప్పరిస్తూ కూర్చున్నాడు. అదే గాఠీ, అదే పేర్లు. తర్వాత తండాకంతటికీ భోజనం. ఆ తర్వాత ఇంకో సరదా. ఆడవాళ్ళు చేతుల్లో కర్రలతో వంటకాల కుండలకి కాపలా కాస్తారు. మగవాళ్ళు దెబ్బలు తప్పించుకుని అవి ఎత్తుకుపోవాలి. దెబ్బలు ఉత్తుత్తివి కావు!

ఢూండ్ ఆడపిల్లకి చెయ్యరు. నాకు అది నచ్చలేదు, నచ్చలేదనే రాస్తున్నాను. అక్కడ అదే మాట అంటే, పక్కన మూడేళ్ళ మనవరాలిని ఎత్తుకున్న అవ్వ ఆ పిల్ల మెడలోనూ ఉన్న దండని వేలితో చూపించింది. జవాబు అదేనేమో. చాలదని నాకనిపించింది, ఆవిడకీ అనిపించి ఉండవచ్చు.

అన్నిటికన్నా మనసులో నిలిచిపోయింది మూసి ఉన్న ఇళ్ళు. మరాఠ్వాడా తండాలనుంచి దసరా వెళ్ళాక కుటుంబాలకి కుటుంబాలు చెరుకు కొట్టడానికి పడమటి జిల్లాలకి వెళ్ళిపోతాయి. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక జట్టు. ఫ్యాక్టరీ ఆగేదాకా, అంటే మార్చి, ఏప్రిల్ దాకా రావడానికుండదు. ముందే బాకీగా తీసుకున్న సొమ్ము కోతతో తీర్చాలి. హోళీ సరిగ్గా ఆ నెలల్లోనే పడుతుంది. ఢూండ్‌కి తండా అంతా కూడి దీవించాలి, దీవించేవాళ్ళలో సగంమంది చెరుకుతోటల్లో ఉంటారు. కొందరు ఒక్క రాత్రికోసం వచ్చి మర్నాడే బస్సెక్కుతారు. బిడ్డ చెరుకుతోట పక్క గుడిసెలోనే పుడితే, ఇక్కడికి తెచ్చి దీవెన పెట్టించి మళ్ళీ అక్కడికే తీసుకుపోతారు. బిడ్డకి బడి కావాలని, ఆ కొడవలి వాడి చేతికి రాకూడదని తల్లిదండ్రుల కల. ఆ కలని గోర్ బోలిలో పాతమాటలతోనే కోరుకుంటున్నారు.

కిన్వట్‌కి తూర్పునున్న తండాల చుట్టాలు సగంమంది ఆదిలాబాదు జిల్లాలో ఉంటారు. ఒకే గోత్రాలు, ఒకే పాటలు. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. ఇటువైపువాళ్ళు మహారాష్ట్రలో విముక్త జాతుల కింద ఉన్నారు. పాత హైదరాబాదు రాష్ట్రపు గెజిట్ చూపించి తమనీ తెగల్లో చేర్చమని 2025 సెప్టెంబరులో బంజారాలు ఊరేగింపులు తీశారు. తమ వాటా తగ్గుతుందని ఆదివాసీలు ఎదురు ఊరేగింపులు తీశారు. ఎవరి భయం వారికి నిజమే. హద్దు గీసినప్పుడు ఏ తండా ఎటు పడుతుందో ఎవరూ అడగలేదు.

ఆ ఆదివాసీలకీ ఇదే పున్నమి. గోండులు దీన్ని దురాడి అంటారు. మాత్రాల్, మాత్రి అని ముసలాయన, ముసలమ్మ పేర్లతో రెండు వెదురు గడలు నిలబెట్టి కాలుస్తారు. వాళ్ళ పిల్లల మెడల్లోనూ కుడుకలు, చక్కెర పేర్లే. ఈసారి అటు వెళ్ళడానికి టైము చాలలేదు. మధ్యాహ్నానికల్లా నాందేడు చేరాలి, ఎందుకంటే ఆ రోజు గురుద్వారానుంచి మహల్లా బయల్దేరుతుంది.

పదో గురువు గోవింద్ సింగ్ 1708లో నాందేడులోనే దేహం చాలించారు. ఇప్పుడున్న కట్టడం 1832, 1837 మధ్య మహారాజా రంజిత్ సింగ్ కట్టించింది. రంగుల పండగని ఆయుధాల పండగగా మార్చి హోలా మహల్లా మొదలుపెట్టింది గోవింద్ సింగే, పంజాబులోని ఆనంద్‌పూర్‌లో. ఇక్కడ మరాఠీలు ధూళివందన్ ఆడుకుంటున్న రోజునే గుర్రాలు, జెండాలు, కీర్తనలతో ఊరేగింపు సాగుతుంది. ఒకచోట అందరూ ఆగుతారు. ఒక్కసారిగా కేకవేసి కత్తులు దూసి పరుగెత్తుతారు. దాన్ని హల్లా అంటారు. పిల్లలతో వెళ్తే ఆ దారికి కాస్త దూరంగా, మేడమీదో అరుగుమీదో నిలబడండి. తలకి రుమాలు మర్చిపోవద్దు. లంగరులో రొట్టె, పప్పు ఎవరికైనా పెడతారు.

వెళ్ళదలచినవాళ్ళు తిరుగు టిక్కెట్లు ముందే చేయించుకోండి, ఆ రెండు రోజులూ పంజాబునుంచి వచ్చే జనంతో బసలన్నీ నిండిపోతాయి. తండాకి వెళ్తే తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని, ముందు నాయక్‌కి చెప్పి వెళ్ళండి. పూజ ముగియకుండా ఫోటోలు తియ్యకండి. ఉత్తచేతులతో వెళ్ళకండి కూడా. నాందేడు బజారులో గాఠీ దండలు ఓ పది కొని పట్టుకెళ్ళండి, మగపిల్లలకి ఎన్నో ఆడపిల్లలకి అన్ని.