నవ్వినవాడి ఉద్యోగం ముందు పోయింది

సియాటిల్ పోలీసు శాఖ మీద పదకొండేళ్లుగా సాగుతున్న ఫెడరల్ పర్యవేక్షణను చాలావరకు ఎత్తేస్తూ జడ్జి జేమ్స్ రోబార్ట్ 2023 సెప్టెంబర్ 7న ఉత్తర్వు ఇచ్చారు. శాఖ దారికొచ్చిందని నగర పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. నాలుగు రోజులు తిరిగేసరికి, సెప్టెంబర్ 11న, అదే శాఖ ఒక వీడియోను బయటపెట్టింది. అందులో కనిపించేది పెద్దగా ఏమీ లేదు. వినిపించేదే అంతా. ఒక పోలీసు అధికారి ఫోన్లో మాట్లాడుతూ నవ్వుతుంటాడు. ఆ నవ్వు పోలీసు బండి గుద్ది చనిపోయిన ఒక ఆదోని అమ్మాయి గురించి.

ఆ అమ్మాయి కందుల జాహ్నవి. వయసు 23. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వారి సియాటిల్ క్యాంపస్‌లో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎం.ఎస్. చదువుతోంది. 2023 జనవరి 23 రాత్రి ఎనిమిది గంటల వేళ డెక్స్‌టర్ అవెన్యూ, థామస్ స్ట్రీట్ కలిసేచోట పాదచారుల గీతల మీద రోడ్డు దాటుతుండగా కెవిన్ డేవ్ అనే అధికారి నడుపుతున్న పోలీసు ఎస్‌యూవీ ఆమెను గుద్దింది. అక్కడ పరిమితి గంటకు 25 మైళ్లు. ఆయన ఒక దశలో 74 మైళ్ల వేగం అందుకున్నాడు. మన లెక్కలో చెప్పాలంటే 40 కిలోమీటర్లు దాటకూడని వీధిలో దాదాపు 119. గుద్దిన క్షణానికి 63 మైళ్లు. ఆమె 138 అడుగుల దూరం ఎగిరిపడింది. ఎవరో డ్రగ్స్ మోతాదు మించి తీసుకున్నారన్న కాల్‌కు ఆయన వెళ్తున్నాడు. బండి మీద లైట్లు వెలుగుతున్నాయి. సైరన్ మాత్రం కూడళ్ల దగ్గర ఒకసారి కూయించి వదిలేశాడు, అదేపనిగా మోగించలేదు.

సాక్షాత్తూ పోలీసు బండే ప్రమాదానికి కారణమైతే, నడిపినవాడు మత్తులో ఉన్నాడో లేదో చూడాలి కదా. ఆ పరీక్షకు వచ్చినవాడు డేనియల్ ఆడరర్. మత్తుపదార్థాల ఆనవాళ్లు పట్టడంలో శిక్షణ ఉన్న అధికారి, పోలీసు యూనియన్‌కు ఉపాధ్యక్షుడు కూడా. పని ముగించుకుని యూనియన్ అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. ఒంటి మీది కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. చనిపోయింది మామూలు మనిషేననీ, ఒక చెక్కు రాసి పడేస్తే సరిపోతుందనీ, పదకొండు వేల డాలర్లనీ, ఎటూ 26 ఏళ్లేనని, ఆ ప్రాణం విలువ అంతంతేననీ నవ్వుతూ చెప్పిన మాటలన్నీ అందులోకెక్కాయి. చివరికి వయసు కూడా తప్పే చెప్పాడు. తర్వాత ఆయన ఇచ్చుకున్న వివరణ ఏమిటంటే, నగరపాలక సంస్థ లాయర్లు ఇలాంటి కేసుల్లో ప్రాణానికి ఎలా ఖరీదు కడతారో అనుకరిస్తూ వెటకారం చేశానని. ఆ మాటే నిజమనుకున్నా, అక్కడ చిన్నబోయింది లాయర్లు కాదు.

ఇక్కడ ఒక విషయం మీద కాసేపు నిలబడాలి. ఈ రికార్డింగును బయటికి తెచ్చింది పత్రికవాళ్లు కాదు, బాధిత కుటుంబమూ కాదు. రోజువారీ పనిలో భాగంగా రికార్డులు చూస్తున్న పోలీసు శాఖ ఉద్యోగి ఒకరు ఆ మాటలు విని పైఅధికారులకు చెప్పారు. అక్కడి నుంచి అది ఆఫీస్ ఆఫ్ పోలీస్ అకౌంటబిలిటీకి వెళ్లింది. ఓపీఏ అని పిలిచే ఈ విభాగం పోలీసు శాఖలో భాగమే అయినా, నడిపేది పౌరులు. ఆ ఉద్యోగి విననట్టు ఊరుకుని ఉంటే ఈ రోజు ఈ కథ లేదు. కడప నుంచి కరీంనగర్ దాకా ఎన్ని స్టేషన్లలో ఎంతమంది రైటర్లు, హోంగార్డులు ఎన్ని చూసి ఊరుకున్నారో మనకు తెలిసే అవకాశమే లేదు.

అలాగని సియాటిల్ శాఖను పూలదండతో సత్కరించనక్కర్లేదు. జనవరిలో అన్న మాట ఆగస్టు దాకా ఎవరి చెవినా పడలేదు. మొదట్లో చెప్పిన ఫెడరల్ పర్యవేక్షణ మొదలైన కారణం కూడా గుర్తుచేసుకోవాలి. 2010 ఆగస్టు 30న జాన్ టి. విలియమ్స్ అనే ఆదివాసీ దారుశిల్పి చేతిలో చెక్కముక్క, చెక్కే కత్తి పట్టుకుని రోడ్డు దాటుతుంటే, ఒక అధికారి కారు దిగి కొన్ని సెకన్లలోనే కాల్చి చంపాడు. విలియమ్స్‌కు ఒక చెవి సరిగా వినపడదు. ఆ అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టలేదు, ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాతే అమెరికా న్యాయశాఖ విచారణ జరిపి, శాఖలో మితిమీరిన బలప్రయోగం అలవాటుగా మారిందని తేల్చింది. 2012లో కోర్టు పర్యవేక్షణ మొదలైంది. అది పూర్తిగా ముగిసింది 2025 సెప్టెంబర్‌లో. ఒక శాఖ మారడానికి పదమూడేళ్లు పట్టిందనుకోవాలో, పదమూడేళ్లు పట్టినా ఎంతో కొంతే మారిందనుకోవాలో సియాటిల్ వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు.

ఇండియా నుంచి వచ్చినవాళ్లకు అమెరికా పోలీసు వ్యవస్థ ఒక పట్టాన అర్థం కాదు. మనకు రాష్ట్రమంతటికీ ఒకే శాఖ, పైన ఒక డీజీపీ, కింద ఎస్పీ, సీఐ, ఎస్సై. ఇక్కడ ఊరికో పోలీసు శాఖ, కౌంటీకో షెరిఫ్, రహదారుల మీద రాష్ట్ర గస్తీదళం, ఆఖరికి యూనివర్సిటీలకు కూడా సొంత పోలీసులు. దేశం మొత్తం మీద ఇలాంటివి 18 వేల వరకు ఉంటాయి. ఒకచోట పనికిరాడని పంపేసినవాణ్ణి ఇంకోచోట చేర్చుకుంటారు. కెవిన్ డేవ్ విషయంలో జరిగింది అదే. 2013లో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగర పోలీసు శాఖ ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేసింది. 2019లో సియాటిల్ తీసుకుంది.

ఇక శిక్షల సంగతి. కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ లీసా మానియన్ 2024 ఫిబ్రవరిలో డేవ్ మీద క్రిమినల్ కేసు పెట్టడం లేదని ప్రకటించారు. ఎదుటివారి ప్రాణాలను తెలిసి తెలిసి లెక్కచేయలేదని కోర్టులో రుజువు చేయడానికి ఆధారాలు చాలవన్నది ఆమె కారణం. తర్వాత నగర న్యాయవాది కార్యాలయం నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద 5,000 డాలర్ల చలానా రాసింది. అవును, చలానాయే. ఆడరర్‌ను తాత్కాలిక పోలీస్ చీఫ్ స్యూ రార్ 2024 జూలైలో ఉద్యోగం నుంచి తొలగించారు. బండి నడిపిన డేవ్ ఉద్యోగం పోయింది 2025 జనవరిలో, ఆ అమ్మాయి చనిపోయి రెండేళ్లు కావస్తుండగా. అంటే నవ్వినవాడు ఆరు నెలలు ముందు ఇంటికెళ్లాడు, గుద్దినవాడు తర్వాత వెళ్లాడు.

ఈ వరసలోనే అసలు జబ్బు ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నవ్వు దేశదేశాల టీవీల్లో మోగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని భారత కాన్సులేట్ ఆందోళన ప్రకటించింది, హైదరాబాద్ నుంచి అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ ట్వీట్ చేశారు, సియాటిల్ వీధుల్లో ప్రదర్శనలు జరిగాయి. శాఖకు సిగ్గనిపించింది, కదిలింది. వేగానికి అలాంటి ధ్వని లేదు. అత్యవసర పని మీద వెళ్తున్న బండి అంటే చట్టమూ, యూనియనూ, శాఖ అలవాట్లూ అన్నీ కలిసి దారి ఇస్తాయి. ఆ నవ్వు రికార్డు కాకపోయి ఉంటే ఆమె చావు స్థానిక పత్రికలో రెండు పేరాల వార్తగా మిగిలిపోయేదేమో. ఆడరర్ మాటల కన్నా డేవ్ వేగమే పెద్ద నేరం. జనం కోపం మాత్రం మాటల మీదికే ఎక్కువగా వెళ్లింది, మన కోపంతో సహా.

అమెరికాలో పోలీసుల చేతిలో మనవాళ్లకు ఏం జరగవచ్చో చెప్పే మరో ఉదాహరణ అలబామాలో ఉంది. 2015 ఫిబ్రవరిలో సురేశ్‌భాయ్ పటేల్ అనే గుజరాతీ పెద్దమనిషి మనవణ్ణి చూసుకోవడానికి కొడుకింటికి వచ్చారు. వయసు 57. పొద్దున్నే మాడిసన్ అనే ఊళ్లో కాలిబాట మీద నడుస్తుంటే, అనుమానాస్పదంగా ఎవరో తిరుగుతున్నారని ఇరుగుపొరుగువాళ్లలో ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు. వచ్చిన అధికారికి ఆయన చెప్పగలిగింది ఇంగ్లీషు రాదన్న మాటే. కాసేపట్లో ఎరిక్ పార్కర్ అనే అధికారి ఆయన్ను తలకిందులుగా నేలకేసి పడగొట్టాడు. మెడ దగ్గర వెన్ను దెబ్బతిని పక్షవాతం వచ్చింది. పోలీసు కారులోని కెమెరా అంతా పట్టింది. ఫెడరల్ కోర్టులో రెండుసార్లు జ్యూరీ ఎటూ తేల్చలేకపోయింది, చివరికి జడ్జి కేసు కొట్టేశారు. పార్కర్ మళ్లీ ఉద్యోగంలో చేరాడు. సివిల్ దావాలో మాత్రం పోలీసులకుండే రక్షణ ఈ కేసులో వర్తించదని కోర్టులు తేల్చిన తర్వాత, 2021లో 17.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

సియాటిల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో వేసవికి అమ్మానాన్నలు వస్తారు. పొద్దున్నే వాకింగ్‌కు వెళ్తారు, నచ్చిన ఇంటి ముందు నిలబడి తోట చూస్తారు. మన ఊళ్లో పోలీసు ఆపితే బండి దిగి, చేతులు కట్టుకుని, ‘సార్’ అంటూ దగ్గరికి వెళ్లడం మర్యాద. ఇక్కడ అదే పని చేస్తే ఆ పోలీసు చేయి నడుము దగ్గరికి పోతుంది. అందుకే కొడుకులూ కోడళ్లూ వాళ్లకు నేర్పుతుంటారు: దగ్గరికి వెళ్లొద్దు నాన్నా, చేతులు జేబులో పెట్టొద్దు, కారులో ఉంటే స్టీరింగ్ మీదే ఉంచు. తెలుగునాట పోలీసు భయం ఒక రకం, ఇక్కడి పోలీసు భయం ఇంకో రకం. అక్కడ స్టేషన్ మెట్లెక్కితే పరువు పోతుందని, డబ్బు పోతుందని భయం. ఇక్కడ రోడ్డు మీద ఆ రెండు నిమిషాలే గండం. ఆ తర్వాత మాట్లాడేది ఇంగ్లీషే, అడిగేది కాగితాలే. చాలా సందర్భాల్లో మర్యాదగానే అడుగుతారు, ఆ మాట కూడా చెప్పాలి.

జాహ్నవికి న్యాయం కావాలని ప్రవాస తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రింబవళ్లు సందేశాలు తిరిగాయి. అందులో తప్పేం లేదు. కానీ ఆ గ్రూపుల్లోనే 2019 డిసెంబర్ 6న ఏం తిరిగిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడండి. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన పక్కన ‘దిశ’ అత్యాచార, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపిన రోజు అది. అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు, ఇక్కడ మనవాళ్లు చప్పట్లు కొట్టారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది వేరు. ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని, పది మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ నివేదికను సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. మన గ్రూపుల్లో ఆ నివేదిక గురించి ఒక్క సందేశం కూడా వచ్చినట్టు ఈ వ్యాసకర్తకు గుర్తు లేదు. సియాటిల్ పోలీసుకు చట్టం కావాలి, షాద్‌నగర్ పోలీసుకు అక్కర్లేదు అంటే కుదరదు.

కెమెరాల విషయానికే వస్తే, ఇండియాలోని ప్రతి పోలీసు స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డులు భద్రపరచాలని, మానవ హక్కుల ఉల్లంఘన జరిగితే వాటిని భద్రంగా ఉంచాలని కోరే హక్కు బాధితులకు ఉందని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. స్టేషన్లలో కెమెరాలు పనిచేయడం లేదన్న వార్తలు చూసి 2025లో ఆ కోర్టే మళ్లీ తనంతట తాను కలగజేసుకోవాల్సి వచ్చింది.

2024లో జాహ్నవి కుటుంబం సియాటిల్ నగరం మీద దావా వేసింది. అడిగిన పరిహారం 11 కోట్ల డాలర్లు, దాని మీద ఇంకో పదకొండు వేలు. ఆ పదకొండు వేలు ఎందుకో వివరించనక్కర్లేదు. యూనివర్సిటీ ఆమె డిగ్రీని మరణానంతరం ప్రకటించింది.

తెలుగు సంఘాల మహాసభల్లో సంగీత విభావరికి మూడు గంటలు, వధూవరుల పరిచయ వేదికకు ఒక పూట ఇస్తున్నారు. కొత్తగా వచ్చే విద్యార్థుల కోసం, చూడవచ్చే తల్లిదండ్రుల కోసం ఇక్కడి పోలీసులతో ఎలా మెలగాలన్న దానికీ ఒక గంట కేటాయించండి. పోలీసు ఆపితే ఏం చేయాలో చెప్పండి. ఇంటి చిరునామా, పిల్లల ఫోన్ నంబర్ రాసిన కాగితం పెద్దవాళ్ల జేబులో పెట్టించండి. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రభుత్వ రికార్డులు అడగడానికి పౌరసత్వం అక్కర్లేదని, ఓపీఏకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చని, వీసా మీద ఉన్నంతమాత్రాన నోరు మూసుకోనక్కర్లేదని చెప్పండి. అమెరికాలో ఏ ఊళ్లో ఉంటున్నా, అక్కడ పోలీసుల మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో అవసరం రాకముందే కనుక్కుని పెట్టుకోండి.