తలగడ తీసేయండి

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఇంటికి రాగానే మంచం దగ్గరకు ముందు వచ్చేది తలగడ. కూతురో కోడలో పరుగున వెళ్లి ఇంట్లోకెల్లా మెత్తనిది ఏరి తెచ్చి, మోకాలి కింద సర్దేస్తారు. "కాస్త ఎత్తుగా ఉంటే హాయిగా ఉంటుంది నాన్నా" అంటారు. ఉంటుంది కూడా. చిక్కంతా అక్కడే. కొంచెం వంగి పడుకున్న మోకాలు ఆ హాయికి అలవాటుపడి, కొన్నాళ్లకు చాపమంటే మొరాయిస్తుంది. కాలు పూర్తిగా చాచలేనివాడు కుంటక ఏం చేస్తాడు? ఫిజియోథెరపిస్టు నెత్తీనోరూ కొట్టుకుని చెబుతాడు: తలగడ పెట్టి తీరాలనిపిస్తే మడమ కింద పెట్టండి, మోకాలి కింద వద్దే వద్దు. సరేనంటారు. ఆయన గేటు దాటాడో లేదో, తలగడ యథాస్థానానికి చేరుతుంది.

తెలుగిళ్లలో ప్రేమంటే ఎదుటివాణ్ణి కదలనివ్వకపోవడం. మంచినీళ్లు, పేపరు, రిమోటు, కళ్లజోడు అన్నీ మంచం దగ్గరికే నడిచొస్తాయి. ఆపరేషన్ రోజునో మర్నాడో వాకర్ చేతికిచ్చి, నిలబెట్టి, నాలుగడుగులు వేయించి మరీ పంపుతారు ఆస్పత్రివాళ్లు. ఇంటికొచ్చాక అదే మనిషిని మంచానికి అప్పగిస్తారు. చూడవచ్చినవాళ్లు మరీను. యాపిల్ పళ్లతోపాటు ఒక కథ కూడా తెస్తారు: ఫలానావాళ్ల వియ్యపురాలు తొందరపడి నడిచేసి, మళ్లీ ఆస్పత్రి పాలైందని. నడవక కీలు బిగుసుకుపోయినవాళ్ల కథ మాత్రం ఎవరూ తేరు. అందులో రుచి లేదేమో.

చేయాల్సిన పనులు చూస్తే పసిపిల్లల ఆటల్లా ఉంటాయి. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా పాదాన్ని పైకీ కిందికీ ఆడించాలి. తొడ కండరం బిగబట్టి వదలాలి. మడమను పక్క మీద ఈడ్చుకుంటూ మోకాలు వంచాలి. చేసేవాడికే తెలుస్తుంది, కళ్లలో నీళ్లు ఎందుకు తిరుగుతాయో. మొదటి గురి 90 డిగ్రీల వంపు. కుర్చీలోంచి సాఫీగా లేవాలంటే ఇంకాస్త కావాలి. ఇక బాసింపట్టు వేసుకుని పంక్తిలో కూర్చోవడమంటారా, కీలు మార్పించుకున్నవాళ్లను ఆ ఆశ వదులుకోమనే చాలామంది సర్జన్లు చెబుతారు. వ్రతానికి కుర్చీ వేసుకుంటే దేవుడేమీ అనుకోడు. చుట్టాలే అనుకుంటారు.

మెట్ల దగ్గర ఇంకో తంటా. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఎక్కడికెళ్లినా ఇదే పాఠం చెబుతారు. ఆపరేషన్ కుడి మోకాలికైతే వాకిలి మెట్టు మీద ఎడమకాలే ముందు పడాలి మరి. హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ ఊరుకుంటుందా? "కుడికాలయ్యా, కుడికాలు!" అని కేకేస్తుంది. వెనక నుంచి ఫిజియో "ఎడమ, ఎడమ" అంటాడు. వాకర్ గాల్లోకి లేచి ఆగిపోతుంది.

వాజ్‌పేయికి ఇలాంటి చుట్టాల బెడద ఉన్నట్టు లేదు. ప్రధానిగా ఉండగానే 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు ముంబయి బ్రీచ్ కాండీ ఆస్పత్రిలో మార్పించుకున్నారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. రెండోది అయిన నెల పైచిలుకుకే ఆగ్రాలో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్‌తో చర్చలకు కూర్చున్నారు. "మీరు లేవకండి, ఆగ్రానే ఇక్కడికి రప్పిస్తాం" అని ఎవరైనా అని ఉంటే ఏమయ్యేదో.

ఆ 2001 అసలు మోకాళ్ల సంవత్సరం. మార్చిలోనే పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచాడు. అతనిది కీలుమార్పిడి కాదు, తెగిన లిగమెంటు. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలు దెబ్బతింది. ఒక ఆపరేషన్‌తో పోలేదు, మళ్లీ మళ్లీ బల్లెక్కాల్సి వచ్చింది. ఆ కాలితోనే 1996 నుంచి 2000 దాకా వరసగా జాతీయ చాంపియన్. ఆల్ ఇంగ్లండ్ జరిగిన బర్మింగ్‌హామ్‌లో, సెమీఫైనల్లో డెన్మార్క్ దిగ్గజం పీటర్ గేడ్ మీద 17-14, 17-15. ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్ మీద 15-12, 15-6. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక మనవాళ్లకు ఆ కప్పు దక్కడం అప్పుడే.

ఆ గేడ్ మ్యాచ్ స్కోరు మరోసారి చూడండి. సర్వీసు చేతిలో ఉన్నవాడికే పాయింటు వచ్చే రోజులవి. ఎంత అద్భుతంగా ర్యాలీ గెలిచినా, సర్వీసు అవతలివాడిదైతే దక్కేది సర్వీసే, పాయింటు కాదు. 14 దగ్గర సమమైతే ఇంకో మూడు పాయింట్లకు పొడిగించుకునే వీలుండేది. నెట్ దగ్గరికి ఒక్క అంగలో దూకి, మోకాలి మీద బరువాపుకుని వెనక్కి రావడం, ఇన్నిసార్లు చేసినా స్కోరుబోర్డు మీద అంకె మారకపోవడం! 2006లో ప్రతి ర్యాలీకీ పాయింటిచ్చే 21 పాయింట్ల పద్ధతి తెచ్చి ఆ మజా తీసేశారు.