గడ్డిమందు, ఆవు కొమ్ము, ఒక తెల్ల వైన్

నాకు వైన్ గురించి పెద్దగా తెలీదు, ముందే చెప్పేస్తున్నా. టీం పార్టీల్లో ఎవరో పోస్తే తాగడం, "బావుంది" అనడం... అంతవరకే మన పరిజ్ఞానం. కాబట్టి ఈ టపా వైన్ రుచుల గురించి కాదు. ఇద్దరు రైతుల గురించి. ఒకాయన ఫ్రాన్సులో తెల్ల వైన్ చేస్తాడు. రెండో ఆయన మా నాయన.

మాది నెల్లూరు జిల్లాలో పొదలకూరు దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల నిమ్మతోట ఉంది. 2021లో కరోనా పుణ్యమా అని ఇంటి నుంచే పని చేస్తున్న రోజుల్లో, తోట లెక్కలన్నీ ఎక్సెల్లోకి ఎక్కించా. కలుపు తీసే కూలీల ఖర్చు చూసి కళ్ళు తిరిగాయి. గడ్డిమందు కొడితే అందులో మూడో వంతు కూడా అవదు. నాయనకి చార్టు గీసి మరీ చూపించా. ఆయన చాలాసేపు చూసి, "సర్లేరా, నువ్వు చదువుకున్నోడివి" అన్నాడు. ఆయన ఒప్పుకున్నాడనే అనుకున్నా.

ఇక 2024కి వద్దాం. మూడు నెలలు పారిస్‌లో ఆన్‌సైట్. మా ప్రాజెక్ట్ ఆర్కిటెక్ట్ యాభై దాటిన ఫ్రెంచాయన. శనివారం ఇంటికి భోజనానికి పిలిచాడు. శుక్రవారం ఆఫీసులో కాఫీ దగ్గర, "రేపటి సీసా ఇవాళ పొద్దున్నే తెరిచి పెట్టా" అన్నాడు. జోకేమో అనుకున్నా. మన దగ్గర మూత తీసిన కూల్‌డ్రింకు సాయంత్రానికే పనికిరాదు కదా!

జోక్ కాదు. ఆ వైన్ పేరు కూలే ద సెరాన్, 2008 నాటిది. అంటే అప్పటికే పదహారేళ్ళది. తెల్ల వైన్ అంటారు గానీ రంగు తేనెలా ఉంది. దాన్ని ఒక రోజు ముందే తెరవమని, మరీ చల్లగా తాగొద్దని చేసినాయనే చెప్తాడట. తెరిచాక రెండో రోజు, మూడో రోజు ఇంకా బావుంటుందట. మొదటి గుక్కకి నాకేం గుర్తొచ్చిందో చెప్తే నవ్వుతారు. మా అమ్మ జాడీలో దాచి, జ్వరం వచ్చినప్పుడు మాత్రమే తీసే మూడేళ్ళ నిమ్మకాయ ఊరగాయ :)

నవ్వులాటకి అన్నా, సంగతి మాత్రం కొంచెం అలాంటిదే. మామూలుగా తెల్ల వైన్లని రెండు మూడేళ్ళలో తాగేస్తారు. ఎర్ర వైన్‌ని తొక్కలతో కలిపి పులియబెడతారు. ఆ తొక్కలు, గింజల నుంచి వచ్చే వగరు దాన్ని చాలాకాలం కాపాడుతుంది. తెల్ల వైన్‌కి ఆ వగరు పెద్దగా ఉండదు. దానికి దిక్కు ముఖ్యంగా పులుపే. కూలే ద సెరాన్ చేసే షెనిన్ బ్లాంక్ ద్రాక్షకి పులుపు బాగా ఎక్కువ. దిగుబడి తక్కువగా ఉంచి, పండు బాగా మాగేదాకా ఆగి, ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా కోస్తారు. అలాంటి పండుతో చేసిన వైన్ దశాబ్దాలు నిలుస్తుంది.

ఆ రాత్రి ఆర్కిటెక్ట్ గారు చెప్పిన కథ వైన్ కంటే ఎక్కువ పట్టుకుంది నన్ను. తర్వాత నేనూ చదివా.

నికొలా జోలీ 1945లో పుట్టాడు. న్యూయార్క్, లండన్లలో బ్యాంకు ఉద్యోగం. అది వదిలేసి 1977లో లువార్ నది ఒడ్డున సవెన్నియేర్‌లో ఉన్న కుటుంబం తోటకి వచ్చాడు. కూలే ద సెరాన్ అంటే ఏడు హెక్టార్లు, మన లెక్కలో పదిహేడెకరాల పైచిలుకు. 1130లో క్రైస్తవ సన్యాసులు నాటిన తోట. వచ్చిన కొత్తలో ఒక వ్యవసాయ సలహాదారు వచ్చి, గడ్డిమందు వాడితే ఇంత డబ్బు మిగులుతుందని లెక్క చెప్పాడు. బ్యాంకరు కదా, లెక్క నచ్చింది. వాడాడు. రెండేళ్ళలో నేల రంగు మారిపోయిందని, పురుగూ పుట్రా కనబడకుండా పోయాయని ఆయనే చెప్పుకున్నాడు.

ఇది వింటుంటే గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. ఎక్సెల్ షీటు గుర్తొచ్చింది.

ఆ తర్వాత జోలీకి బయోడైనమిక్ వ్యవసాయం మీద ఒక పుస్తకం దొరికింది. 1980లో కొంచెం తోటలో మొదలుపెట్టి 1984కల్లా మొత్తం దానికే మార్చేశాడు. ఇక్కడే మనలాంటి ఇంజనీర్లకి చిక్కొచ్చి పడేది. సేంద్రియం అంటే రసాయన ఎరువులు, కృత్రిమ మందులు లేకుండా పండించడం. అర్థమవుతుంది. బయోడైనమిక్ దాని మీద ఇంకో అంతస్తు. ఆస్ట్రియాకి చెందిన తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1924లో ఇచ్చిన ఉపన్యాసాలు దానికి మూలం. ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెట్టాలి. వసంతంలో తవ్వి తీసి, గుప్పెడంత నీళ్ళలో వేసి, ఒక గంట సేపు కుడికీ ఎడమకీ సుడి తిరిగేలా కలిపి పొలంలో చల్లాలి. చంద్రుడు, గ్రహాల గమనం చూసుకుని పనులు చెయ్యాలి. స్టైనర్ రైతు కాదు. ప్రయోగాలు చేసి చెప్పిందీ కాదు.

నేను నమ్మను. పంచాంగం చూసి కోడ్ డిప్లాయ్ చేద్దామంటే ఒప్పుకుంటామా? (శుక్రవారం చెయ్యకూడదు అన్నది వేరే విషయం.)

కానీ ఆయన తోట బతికింది కదా అంటారా? ప్రొడక్షన్‌లో బగ్ వస్తే మనం కంగారులో ఐదు మార్పులు ఒకేసారి చేస్తాం. బగ్ పోతుంది. ఏది పోగొట్టిందో ఎవడికీ తెలీదు. జోలీ గడ్డిమందు ఆపాడు, కంపోస్టు వేశాడు, గుర్రంతో దున్నించాడు, దిగుబడి తగ్గించుకున్నాడు, కొమ్ములూ పాతాడు. పేరు మాత్రం కొమ్ముకి వచ్చింది! స్విట్జర్లాండ్‌లో 1978 నుంచి సేంద్రియ, బయోడైనమిక్, రసాయన పద్ధతుల్ని పక్కపక్కన మడుల్లో పోల్చి చూస్తున్నారు. ఇరవై ఒక్క ఏళ్ళ ఫలితాలు 2002లో సైన్స్ పత్రికలో వచ్చాయి. మొదటి రెండు పద్ధతుల్లో దిగుబడి సగటున ఇరవై శాతం తగ్గింది. కానీ ఎరువుల వాడకం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింది, నేలలో జీవం పెరిగింది. దానికి కొమ్మే కారణమని మాత్రం తేలలేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. జోలీ వైన్లన్నీ అద్భుతం అని కాదు. కొన్ని సంవత్సరాల సీసాలు నిరాశపరిచాయని విమర్శకులు రాశారు.

నవంబర్లో ఒక ఆదివారం ఆంజే దాకా రైల్లో వెళ్ళి ఆ తోట చూసొచ్చా. నదివైపు దిగే ఏటవాలు నేల. వరసల మధ్య గడ్డి. మనవాళ్ళెవరైనా చూస్తే "ఎవుడ్రా ఈ బద్ధకిష్టి రైతు" అంటారు. అంచున నిలబడి కాలితో నొక్కి చూశా. మెత్తగా దిగింది. అక్కణ్ణుంచే నాయనకి ఫోన్ చేశా.

కొమ్ము సంగతి చెప్తే పడీపడీ నవ్వాడు. ద్రాక్షకి తెగులొస్తే ఏం కొడతారని అడిగాడు. సేంద్రియం అన్నా రాగి మందు కొడతారని, కాకపోతే ఏడేళ్ళలో హెక్టారుకి 28 కిలోలు దాటకూడదని యూరప్‌లో రూలుందని చెప్పా. "ఓస్, బోర్డో మిశ్రమమే గదా!" అన్నాడు. నిజమే. నిమ్మలో గజ్జి తెగులుకి మా నాయన మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేది ఫ్రాన్సులో ద్రాక్షతోటల కోసం పుట్టిన మందే. ఆయనకి తెలిసిన ఒకే ఒక్క ఫ్రెంచి ఊరు బోర్డో.

తర్వాత అడిగా. "నాయనా, గడ్డిమందు కొట్టినాక తోట ఎట్టుండాది?"

కాసేపు మాట్లాడలేదు. "రెండో యేడే తెలిసింది అబ్బయ్యా. పాదులు గట్టిపడిపోయినాయి. వాన పడితే నీళ్ళు ఇంకేది లేదు. తవ్వితే ఎర్రలు కూడా కనపడలా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు లెక్కేసి చెప్తివి. కాదంటే బాధపడతావని."

మూడేళ్ళు. నా మనసు నొప్పించకూడదని మూడేళ్ళు తన నేలని నొప్పించాడు ఆయన. నా షీట్లో కూలీ ఉంది, మందు ఉంది, కాయ రేటు ఉంది. ఎర్రలకి కాలమ్ లేదు.

దీన్ని బట్టి ఉద్యోగాలు మానేసి పొలాలకి వెళ్ళిపోదాం అని నేననడం లేదు. ఆ వీడియోలు మనందరం చూస్తూనే ఉన్నాం. జోలీకి కోటలాంటి ఇల్లుంది, పేరున్న తోట ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఆయన పంట ఆగుతుంది. సీసాలో పోసి పదేళ్ళు ఉంచితే విలువ పెరుగుతుంది. కాలం ఆయన పక్షం. మా నాయన నిమ్మకాయ కోసిన రోజే పొదలకూరు మార్కెట్‌కి పోవాలి. ఆ రోజు రేటు ఎంతంటే అంతే. పండిందంటే పోయినట్టే. ఇరవై శాతం దిగుబడి తగ్గినా ఫర్వాలేదనే ధైర్యం ఆయనకెక్కడిది?

కానీ నేల మాత్రం ఇద్దరికీ ఒకేలా వయసు మీరుతుంది. అందులో చేసిన తప్పు వచ్చే త్రైమాసికంలో కనబడదు.

నేను చేసింది చిన్న పని. గడ్డిమందు మాన్పించి, గడ్డి కోసే మిషన్ ఒకటి కొనిచ్చా. కూలీ ఖర్చులో తేడా ఎంతొస్తే అంత నా జీతంలోంచి ప్రతి నెలా వెళ్తుంది. కోసిన గడ్డి పాదుల్లోనే పరుస్తున్నాడు. కొమ్ములేం పాతలేదు :) ఎర్రలు తిరిగొచ్చాయా అని ప్రతి ఫోన్‌లో అడుగుతా. "ఏందిరా, సీరియల్ కథ అడిగినట్టు అడగతావు" అని విసుక్కుంటాడు గానీ, మొన్న ఆయనే ముందుగా చెప్పాడు. ఉత్తరం వైపు రెండు చెట్ల కింద కనపడ్డాయట.

మీలో ఎంతమంది ఇంటికి ఇలా ఎక్సెల్ సలహాలు పంపించారో నాకు తెలీదు. పంపించి ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒకసారి అడిగి చూడండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.